నాంపల్లి తోటలో నూజివీడు జాడలు

మామిడిసీమ చరిత్ర: 8వ భాగం

గత భాగం నూజివీడు కోట వాటాల దగ్గర ఆగింది. మేకా వారి జమీందారీ పెద్దకొడుకు ఒక్కడికే దక్కాలా, అన్నదమ్ములంతా పంచుకోవచ్చా అన్న తగాదా సముద్రం దాటి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. పంచుకోవచ్చని 1879లో తీర్పు వచ్చింది. హిందూ న్యాయశాస్త్రం పుస్తకాల్లో ఇవాళ్టికీ అది ‘నూజివీడు కేసు’.

ఈ భాగం కోటను వదిలి హైదరాబాదు వెళ్తుంది. నాంపల్లి రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో పబ్లిక్ గార్డెన్స్ ఉంది. నిజాముల కాలంలో దాని పేరు బాగె ఆం. నగరంలోని పార్కుల్లో అన్నిటికన్నా పాతది, 1846లో వేశారని చెబుతారు. ఆ ఆవరణలోనూ దాని అంచుల్లోనూ శాసనసభ, జూబిలీ హాలు, పురావస్తు మ్యూజియం, అజంతా చిత్రాల మంటపం, ఆరోగ్య మ్యూజియం, షాహీ మసీదు, బాలభవన్ ఒకదాని భుజం ఒకటి తగిలేట్టు నిలబడి ఉన్నాయి. మామిడితోటల చరిత్రకూ ఈ తోటకూ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. నూజివీడు కట్టిన పన్ను, నూజివీడు ఎన్నుకున్న ప్రతినిధి, నూజివీడు మామిడి ఫైలు, మూడూ ఏదో ఒక కాలంలో హైదరాబాదు దారి పట్టినవే. చివరి రెండూ తిన్నగా ఈ తోటలోకే వచ్చాయి.

ముందు పన్ను సంగతి.

గోల్కొండ సుల్తానుల నాటినుంచి కృష్ణకు ఉత్తరాన ఉన్న ఈ నేల కొండపల్లి, ఏలూరు సర్కార్ల లెక్కల్లో ఉండేది. సుల్తానుల తర్వాత మొగలులు, మొగలుల తర్వాత హైదరాబాదు నిజాములు. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి పటాలాల జీతాల కోసం ఉత్తర సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. ఆరేళ్లు తిరక్కుండానే, 1759లో, మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం సర్కార్లను ఇంగ్లీషు ఈస్టిండియా కుంపెనీకి ఇస్తున్నట్టు ఫర్మానా ఇచ్చాడు. కాగితం ఢిల్లీది, భూమి నిజాముది. ఆ చిక్కు విప్పుకోవడానికి 1766లో కుంపెనీ సేనలు కొండపల్లి కోటను పట్టుకున్నాయి. అదే ఏడాది నవంబరులో నిజాం అలీతో ఒప్పందం కుదిరింది. 1768లో దాన్ని మళ్లీ తిరగరాశారు. సర్కార్లు కుంపెనీవి, ప్రతిగా ఏటా కొంత సొమ్ము నిజాముకు ముట్టజెప్పాలి.

అంటే నూజివీడు రైతు దొరకు శిస్తు కడితే, దొర కుంపెనీకి పేష్కష్ కడితే, కుంపెనీ హైదరాబాదుకు కట్టేది. ఈ గొలుసులో కిందివాడికే ఊపిరాడదు. 1783లో నూజివీడు జమీందారు ఎదురు తిరగడం, ఎస్టేటు పోగొట్టుకోవడం, 1802లో కుంపెనీ కొత్త సనదులతో దాన్ని తిరిగి పంచడం ఇంతకు ముందు భాగాల్లో చెప్పుకున్నవే. నిజాముకు ఏటేటా వెళ్లే సొమ్ము మాత్రం 1823 వరకు సాగింది. ఆ ఏడు కుంపెనీ ఒక్కసారిగా పెద్దమొత్తం ఇచ్చి ఆ బాకీ కొట్టేయించుకుంది. అప్పటితో హైదరాబాదుతో నూజివీడు లావాదేవీ తెగిపోయింది. 1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా హయాంలో బాగె ఆం మొలకెత్తేనాటికి నూజివీడుకు ఆ ఊరు పరాయి రాజ్యం.

పరాయి రాజ్యం మళ్లీ దగ్గరైంది రైలు వల్ల. నిజాం రైల్వే లైను సికింద్రాబాదు నుంచి వరంగల్లు, డోర్నకల్లు మీదుగా వచ్చి 1889లో బెజవాడ చేరింది. నాంపల్లి స్టేషను 1907లో లేచింది. అక్కడ దిగినవాడికి బాగె ఆం నాలుగడుగుల దూరం. స్టేషనుకు ఇంకోవైపు కాస్త నడిస్తే 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్. పండ్ల బేరం గడ్డిఅన్నారానికి తరలిపోయేదాకా నగరంలో పండు అంటే మొజంజాహీయే.

ఇక తోటలోకి. లకడీకాపూల్ వైపునుంచి వచ్చేవాడికి ముందుగా కళ్లబడేది తెల్లటి గుమ్మటాల శాసనసభ భవనం. ఎదుట ధ్యానంలో కూర్చున్న గాంధీ విగ్రహం. టీవీలో రోజూ చూసే బొమ్మే కాబట్టి చాలామంది అది సభ కోసం కట్టిన ఇల్లే అనుకుంటారు. కట్టింది టౌన్‌హాలుగా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు జ్ఞాపకంగా 1905లో శంకుస్థాపన జరిగింది. ఖర్చుకు నగరంలోని జనం చందాలు వేసుకున్నారు. పని ముగిసేసరికి 1913 అయింది. ఎవరి పుట్టినరోజు కోసం మొదలుపెట్టారో ఆయన 1911లోనే కన్నుమూశాడు. పారసీక తోరణాలు, రాజస్థానీ ఛత్రీలు కలగలిసిన ఈ భవనాన్ని ఒక శైలి పేరుతో పిలవడం కష్టం. పిలవాల్సిన అవసరమూ లేదు. ఎండలో చూస్తే పంచదారతో పోతపోసినట్టుంటుంది, అంతే.

బెజవాడలోనూ ఇలాంటి కథే ఉన్న భవనం ఒకటి ఉంది. పోలిక కోసం ఒక్క నిమిషం వెనక్కి రావాలి. బందరు రోడ్డు మీద ఇప్పుడు బాపు మ్యూజియం అని పిలిచే కట్టడం విక్టోరియా జూబిలీ మ్యూజియం. రాణి పట్టానికొచ్చి యాభై ఏళ్లయిన సందర్భంగా 1887 జూన్ 27న రాబర్ట్ సూయల్ దానికి శంకుస్థాపన చేశాడు. ఈ సూయల్ ఉత్త దొర కాడు. 1877లో అమరావతి దిబ్బను తవ్వించినవాడు, తర్వాత 1900లో విజయనగర చరిత్ర మీద పేరుపడ్డ పుస్తకం రాసినవాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి సభ్యులు, ఇళ్లలో 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది ఆ సభలోనే. భట్లపెనుమర్రు బిడ్డ పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీ చేతికిచ్చింది అప్పుడే. అది ఈ జూబిలీ భవనంలోనే జరిగిందని బెజవాడ గట్టిగా చెప్పుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ పట్టీలకు తెలుపు కూడా చేర్చమన్నాడు గాంధీ. రాట్నం ఆలోచన జలంధరుకు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది.

రాణిగారి పేరున లేచిన హాలులో రాణిగారి సామ్రాజ్యానికి ఎదురునిలిచే జెండా చేతులు మారింది. నిజాం పుట్టినరోజుకు లేచిన హాలులో జనం ఎన్నుకున్న శాసనసభ కొలువుదీరింది. ఆ పుట్టినరోజుకూ ఈ సభకూ మధ్య ఉన్నవి 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1952 ఎన్నికలు. హైదరాబాదు రాష్ట్రానికి వయోజన ఓటుతో జరిగిన తొలి ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఆ సభ ఈ టౌన్‌హాల్లోనే కూర్చుంది. చందా వేసినవాళ్ల మనవలు ఓటు వేశారు. ఏలినవాళ్లను మెప్పించడానికి కట్టించిన ఇళ్లే తర్వాతి కాలంలో జనానికి ఎక్కువ పనికొచ్చాయంటే అందులో వింతేమీ లేదు. పెద్ద గది, నాలుగు తలుపులు, మనిషి గొంతు వినబడే కప్పు ఉంటే చాలు, సభ దానంతట అదే వస్తుంది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కర్నూలులో మూడేళ్లు గుడారాల బతుకు బతికిన ఆంధ్ర శాసనసభ్యులు మూటాముల్లే సర్దుకుని నాంపల్లి చేరారు. కొత్త సభకు తొలి స్పీకరు కృష్ణా జిల్లావాడే: నందిగామలో పుట్టి బెజవాడలో వకీలుగా, స్వాతంత్ర్య యోధుడిగా పేరుపడ్డ అయ్యదేవర కాళేశ్వరరావు. 1962లో కన్నుమూసేదాకా ఆ కుర్చీలో ఆయనే ఉన్నారు. సభలో నూజివీడు తరఫున మేకా రంగయ్యప్పారావు. జనం నోట ఎం.ఆర్. అప్పారావు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఎం.ఆర్. అప్పారావు నూజివీడు జమీందారీ కుటుంబంవారు. 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆయన కుటుంబపు జమీందారీ హక్కు పోయింది. ఏడేళ్లకల్లా, 1955 ఎన్నికల్లో, ఆయన అదే గడ్డ మీద ఓటు అడిగి గెలిచారు. శిస్తు వసూలు చేసిన ఇంటినుంచి ఓట్లడగడానికి గడప దాటిన తరం అది. అంతకన్నా విచిత్రం ఆయన తొలి పదవీకాలం. 1957లో తెలంగాణ ప్రాంతంలో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. 1955లో ఆంధ్ర ప్రాంతంనుంచి గెలిచినవాళ్లు 1962 దాకా కొనసాగారు. ఒకే సభలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు సభ్యులు వేరువేరు సంవత్సరాల్లో, వేరువేరు రాష్ట్రాల ఓటర్లుగా ఉన్నవాళ్ల చేత ఎన్నికైనవాళ్లు కావచ్చు. అప్పారావు ఆ తర్వాతా నూజివీడునుంచి పలుమార్లు గెలిచారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగానూ పనిచేశారు. నూజివీడులో 1966లో వెలసిన ధర్మ అప్పారావు కళాశాల ఆ కుటుంబపు పేరునే మోస్తోంది. కోటలో కొంత భాగం బడులకూ కాలేజీలకూ ఆసరా అయిన సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే.

ఈ భవనంలో మామిడిసీమను నేరుగా తాకిన చట్టం ఏదంటే భూసంస్కరణల చట్టం పేరే ముందు చెప్పాలి. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సభ ఆమోదించిన బిల్లు 1973 చట్టంగా వచ్చింది. అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేల సారాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. నూజివీడు చుట్టుపట్ల ఎర్రనేలలు చాలావరకు మెట్టలు. కరణాల దగ్గర డిక్లరేషన్ల హడావుడి ఎంత నడిచిందో, కాగితాల మీద కుటుంబాలు ఎన్ని పాయలుగా చీలాయో ఆ తరంవాళ్లను అడిగితే నవ్వుతూ చెబుతారు.

ఆ రోజుల్లోనే సభ బయట వేడి మొదలైంది. 1972 అక్టోబరులో, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో ప్రత్యేక రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. దానికి గుండెకాయ కృష్ణా జిల్లా. ఉద్యమంలోకి దిగిన కాకాని వెంకటరత్నం ఆ డిసెంబరులోనే కన్నుమూశారు. దీనికి మూడేళ్ల ముందు, 1969లో, ఇదే హైదరాబాదులో ప్రత్యేక తెలంగాణ కోరుతూ విద్యార్థులు ప్రాణాలిచ్చారు. వాళ్ల జ్ఞాపకంగా శాసనసభకు ఎదురుగా గన్‌పార్కులో లేచిన స్తూపం శిల్పి ఎక్కా యాదగిరిరావు చేతిపని. కృష్ణా తీరంనుంచి వచ్చినవాళ్లు చాలామంది గాంధీ విగ్రహం దగ్గర ఫొటో దిగి, రోడ్డు దాటకుండా వెళ్లిపోతారు. దాటి చూడాలి. సభలో జరిగినదాన్ని సభ బయట ఎలా లెక్కగట్టారో చెప్పే కట్టడం నగరంలో దీనికి మించింది లేదు.

తోటలోపలి జూబిలీ హాలుది వేరే దర్జా. 1937లో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాలు అక్కడ జరిగాయి. ఆ వేడుకకు వాడిన బంగారు పూత సింహాసనం ఇప్పుడు పురానీహవేలీలోని నిజాం మ్యూజియంలో ఉంది. హాలు ప్రభుత్వ సభలకు మిగిలింది. పక్కనే 1924లో కట్టించిన షాహీ మసీదు చిన్నది, పొందికైనది. శుక్రవారం మధ్యాహ్నం ఆ వైపు రద్దీగా ఉంటుంది.

పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు ఎవరూ ఇక్కడ ఎక్కువసేపు నిలబడరు. నూజివీడు, తిరువూరు బళ్ల విహారయాత్ర బస్సులు దశాబ్దాలుగా నాంపల్లిలో ఆగేది ఒక్కదాని కోసం: మమ్మీ.

పురావస్తు మ్యూజియం భవనం 1920 నాటిది, మ్యూజియంగా తెరుచుకున్నది 1930లో. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ మొదలైనప్పటినుంచి దానికి సారథి గులాం యజ్దానీ. అజంతా, ఎల్లోరా, రామప్ప, వరంగల్లు కోట అన్నీ ఆయన చేతిమీదుగా మరమ్మతులు చూసినవే. మమ్మీ మాత్రం తవ్వకాల్లో దొరికిన సొత్తు కాదు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920ల్లో వెయ్యి పౌన్లకు కొని తెచ్చాడని, ఏడో నిజాముకు కానుకగా ఇచ్చాడని, ఆయన మ్యూజియానికి ఇచ్చాడని చెబుతారు. పేరు నైషు. రాకుమారి అని పలక చెబుతుంది, పిల్లలు నమ్ముతారు. వయసు రెండువేల మూడొందల ఏళ్ల పైమాటే. దక్షిణ భారతంలో ఈజిప్టు మమ్మీ ఇదొక్కటే. ఇంకోటి చూడాలంటే ముంబై, వడోదర, జైపూర్, లక్నో, కోల్‌కతాలకు పోవాలి.

దశాబ్దాల తరబడి మామూలు అద్దాల పెట్టెలో, మామూలు హైదరాబాదు గాలిలో పడుకున్న ఈ దేహం గుడ్డపట్టీలు ఊడి పొడిపొడిగా రాలడం మొదలెట్టాయి. 2016లో ఎక్స్‌రేలు తీయించారు. లోపల ఎముకల గూడు చాలావరకు చెక్కుచెదరలేదని తేలింది. ముంబై ఛత్రపతి శివాజీ మహరాజ్ వస్తు సంగ్రహాలయ నిపుణులు వచ్చి పట్టీలు అతికి, రంగుల అట్టముసుగును సరిచేశారు. ఇప్పుడది గాలి చొరబడని పెట్టెలో నత్రజని మధ్య ఉంది. పురుగుకు ఆక్సిజన్ కావాలి, బూజుకూ కావాలి, అది లేకపోతే రెండూ బతకవు. పచ్చళ్ల జాడీలో నూనె పైకి తేలేట్టు పోసే ఇల్లాలికి ఈ శాస్త్రం కొత్తగా చెప్పనక్కర్లేదు.

అయితే మామిడిసీమవాళ్లు మమ్మీ గదిలోంచి నేరుగా బస్సెక్కితే నష్టపోయేది వాళ్లే. మ్యూజియం బౌద్ధ గదుల్లో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి బుద్ధులున్నారు. తిరువూరు దాటితే ఖమ్మం జిల్లా ఎంత దూరం? నాగార్జునకొండ, అమరావతి, ఘంటసాల, జగ్గయ్యపేట, నేలకొండపల్లి, అన్నీ కృష్ణ పరివాహకంలోని ఒకే నాగరికత ఊళ్లు. వాటి రాళ్లు మాత్రం ఒక్కచోట లేవు. అమరావతి ఫలకాల్లో పెద్దవాటా 1880లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరింది, మరో పెద్దవాటా మద్రాసు ఎగ్మూరులో ఉంది. 1880ల్లో పురావస్తువేత్త బర్జెస్ జగ్గయ్యపేటలో తవ్వించిన ఫలకాలూ మద్రాసుకే పోయాయి. అల్లూరు తెల్లరాతి బుద్ధుడు బెజవాడ జూబిలీ భవనంలో ఉన్నాడు. ఆ భవనం 1962లో మ్యూజియంగా పురావస్తు శాఖ చేతికి వచ్చినప్పుడు ఆ శాఖ పెద్ద కచేరీ హైదరాబాదులోనే. ఏ దొర హయాంలో తవ్వితే ఆ దొర కచేరీ ఉన్న ఊరికి రాయి పోతుంది. రాళ్ల పంపకంలో ఉన్న సూత్రం అదొక్కటే, అందులో శాస్త్రం వెతకడం దండగ.

నాణేల విభాగం అందరికీ తెరిచి ఉండేది కాదు. కానీ ఈ మ్యూజియం పేరు పండితులకు తెలిసింది దానివల్లే. లక్షల సంఖ్యలో నాణేలున్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి వెలుగులోకి తెచ్చాక శాతవాహనుల తొలి రోజుల మీద చర్చే మారిపోయింది.

మ్యూజియం ఆవరణలో అజంతా మంటపం ఉంది. జనం తక్కువగా తొంగిచూసేది, తప్పక చూడాల్సింది. అజంతా గుహలు నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో ఉండేవి. 1909, 1911 మధ్య లేడీ హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి అక్కడ గుడారాలు వేసుకుని గోడలమీది బొమ్మలకు నకళ్లు గీయించింది. కలకత్తానుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్ వంటి కుర్రవాళ్లు వచ్చారు. హైదరాబాదునుంచి సయ్యద్ అహ్మద్ వెళ్లాడు. మిగతావాళ్లు ఇళ్లకు వెళ్లిపోయినా సయ్యద్ అహ్మద్‌ను ఆ గుహలు వదల్లేదు. తర్వాత నిజాం ప్రభుత్వం తరఫున అతనూ జలాలుద్దీనూ ఏళ్ల తరబడి నకళ్లు గీశారు. 1920ల మొదట్లో యజ్దానీ ఇటలీనుంచి నిపుణులను రప్పించి పెచ్చులూడుతున్న గోడలకు మందు వేయించాడు. నాలుగు భాగాలుగా అజంతా సంపుటాలు ప్రచురించాడు. గుహల్లో నిజం బొమ్మలు ఏడాదికేడాది మసకబారుతుంటే, నాంపల్లిలోని నకళ్లు ఒక్కోచోట అసలుకంటె ఎక్కువ చెబుతాయి. నకలు కదా అని చిన్నచూపు చూసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇంక మిగిలింది మామిడి.

ఈ తోటలో ఒకప్పుడు జంతుప్రదర్శనశాల ఉండేది. 1963లో నెహ్రూ జూ తెరిచాక జంతువులు మీరాలం చెరువు పక్కకు వెళ్లిపోయాయి. 1966లో బాలభవన్ వచ్చింది. తోట అన్న పేరుకు తగ్గట్టు ఉద్యాన శాఖ పెద్ద కార్యాలయం కూడా ఈ ఆవరణలోనే స్థిరపడింది. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో నూజివీడు రైతుకు ‘పబ్లిక్ గార్డెన్స్’ అంటే మ్యూజియం గుర్తుకొచ్చేది కాదు, ఉద్యాన శాఖ డైరెక్టరు గుర్తుకొచ్చేవాడు. ‘ఫైలు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉంది’ అంటే పని ఇంకా కాలేదని అర్థం చేసుకునేవాళ్లు. 2003లో మొదలైన సూక్ష్మ సేద్యం పథకంలో డ్రిప్పు రాయితీ, 2005లో కేంద్రం పెట్టిన జాతీయ ఉద్యాన మిషన్‌లో ముసలి తోటల కొమ్మలు నరికి మళ్లీ చిగురింపజేసే పథకం, అన్నిటి కాగితాలూ ఇక్కడికే నడిచొచ్చాయి. నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రం ఉన్నా, దాని మాట రాయితీగా మారాలంటే నాంపల్లిలో సంతకం పడాల్సి వచ్చేది.

నూజివీడు పేరు చెబితే నగరంలో ఎవరికైనా చిన్నరసం, పెద్దరసం గుర్తుకొస్తాయి. లెక్కలో చూస్తే ఈ ప్రాంతపు తోటల్లో బంగినపల్లి, కలెక్టరు కాయలదే పెద్దపీట. రసాలు నోటికి, బంగినపల్లి లారీకి. తొక్క పలచన కాబట్టి రసం దూరప్రయాణం ఓర్చుకోదు, రెండో రోజుకే మెత్తబడుతుంది. బంగినపల్లి తొక్క దిట్టం, పీచు లేదు, కోస్తే ముక్క నిలుస్తుంది. అదే దాన్ని మొజంజాహీ బుట్టల్లోకీ ఆ తర్వాత గడ్డిఅన్నారం వేలంపాటల్లోకీ ఎక్కించింది. ఆ బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తుదారు ఆంధ్రప్రదేశ్ ఉద్యాన శాఖే.

ఆ గుర్తింపు చేతికొచ్చేసరికి ఇల్లు మారిపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. ఒకే ఆవరణలో రెండు శాసనసభలు, ఒకే ఊళ్లో రెండు ఉద్యాన శాఖలు, రెండు పురావస్తు శాఖలు. పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అని చట్టం చెప్పినా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017 మార్చిలోనే వెలగపూడికి వెళ్లిపోయింది. నూజివీడు సభ్యుడు ఇప్పుడు పొద్దున్నే ఇంట్లో కాఫీ తాగి సభకు చేరుకోవచ్చు. ఒకటిన్నర శతాబ్దంలో నూజివీడు కాగితం తిరిగిన ఊళ్ల వరస చూస్తే కళ్లు తిరుగుతాయి: 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు మచిలీపట్నం, ఆ పైన మద్రాసు, 1953లో కర్నూలు, 1956లో హైదరాబాదు, ఇప్పుడు అమరావతి. 2022 ఏప్రిల్లో జిల్లాల విభజనతో కృష్ణా జిల్లా పేరు కూడా పోయి చిరునామాలో ఏలూరు జిల్లా చేరింది.

బెజవాడ జూబిలీ మ్యూజియం 2020లో మరమ్మతులు పూర్తిచేసుకుని బాపు మ్యూజియంగా మళ్లీ తలుపులు తెరిచింది. నాంపల్లి టౌన్‌హాలు మరమ్మతు పనిని తెలంగాణ ప్రభుత్వం ఆగాఖాన్ ట్రస్టుకు అప్పగించింది. రెండూ చూడదలచినవాళ్లు నాంపల్లి మ్యూజియానికి శుక్రవారం సెలవన్న సంగతి ముందే తెలుసుకుని బయల్దేరితే మంచిది. పొద్దున్నే వెళ్తే మమ్మీ దగ్గర బడిపిల్లల వరస ఉండదు. అక్కడినుంచి అజంతా మంటపం, ఆ తర్వాత రోడ్డు దాటి గన్‌పార్కు, చివరగా నడక ఓపిక ఉంటే మొజంజాహీ.

వచ్చే భాగం: 1889 తర్వాత రైలెక్కిన నూజివీడు రసాలు, వాటి వెంట నడిచిన బుట్టల కథ.